నీడ అడ్డసరానికే చెందాలి

మనుషులు నీడను దుర్వినియోగం చేస్తున్నారు!

ఊరికే అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. మనిషికి కాస్త నీడ ఇచ్చి చూడండి, ఏం చేస్తాడు? తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటాడు. బీడీ ముట్టిస్తాడు. పక్కింటివాళ్ల సంగతులు తవ్వి పోస్తాడు. అదే నీడను ఒక పొదకు ఇవ్వండి! కిక్కురుమనకుండా ఆకులు వేస్తుంది. ఫోటో తీస్తానంటే కదలకుండా నిలబడుతుంది. అర్జీ పెట్టదు, ధర్నా చెయ్యదు, ఓట్ల ముందు ఏం చెప్పారో గుర్తు పెట్టుకోదు. నీడ ఇచ్చినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే మా కడప జిల్లాకు వచ్చిన ‘నీడతోట’ పథకాన్ని నేను నిండు మనసుతో సమర్థిస్తున్నాను. నేనెవరినంటారా? ప్రొద్దుటూరు మిషన్ బడిలో ముప్పై ఏళ్లకు పైగా సైన్సు చెప్పి రిటైరైన ఎడ్విన్ సారును. చెట్లు మనకు గాలినిస్తాయి అని ఒక తరం పిల్లలకు బట్టీ పట్టించిన పాపం నాదే. మా కాలనీల కొళాయిల్లో ఇప్పుడు వస్తున్నదీ అదే గాలి కాబట్టి నా చదువు వృథా పోలేదు.

పథకం సంగతి తెలియనివారికి చెబుతాను. అడ్డసరం అని ఒక పొద ఉంది. మన నేల మొక్కే. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. దాని మానాన దాన్ని వదిలేస్తే మనిషిని మించి పెరుగుతుంది. ఆకు కటిక చేదు. దగ్గుకు కషాయం కాచుకోవడానికి తప్ప ఇంకెందుకూ దాని జోలికి ఎవరూ పోరు. చివరకు మేకలు కూడా ముట్టవు! గోడమీద అంటించిన ఎన్నికల పోస్టరును పిండివంటలా తినే మా సీమ మేక, మూతి తిప్పుకుని పోయే ఆకు అదొక్కటే. ఈ పొద నీడా తేమా ఉన్న తోటల్లో ఏపుగా పెరుగుతుందని ఎవరో పెద్దాఫీసరు ఎక్కడో చదివాడు. చదివి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆఫీసరెట్లా అవుతాడు?

“అయ్యా, నీడా తేమా ఉన్న తోటలు కడప జిల్లాలో ఎక్కడున్నాయి?” అని మీలో కొందరు తుంటరులు అడుగుతారని నాకు తెలుసు. మన జాతికి పట్టిన దరిద్రమే ఇది. లేనిదాన్ని తేవడానికే కదా పథకం! ఉన్నచోట పథకం ఎందుకు?

ఈ పథకం వచ్చాక మా మూడు ఊళ్లలో సంస్కారం ఎంత పెరిగిందో మీరు చూడాలి. ప్రొద్దుటూరులో మా వీధి బంగారు అంగడాయన తన మేడ ముందు అడ్డసరం నాటించి, దానికి పైన పచ్చ వల కట్టించి, పొగమంచు చిమ్మే మిషను పెట్టించాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ పొద ఊటీలో ఉన్నట్టు వణుకుతూ ఉంటుంది. పొద దగ్గరికి ఎవరూ పోకుండా కాపలా కాసే వాచ్‌మన్ మాత్రం గేటు బయట ఎండలో నిలబడి, దాని మీద నుంచి ఎగిరొచ్చే తుంపర్లకు మొహం పెడుతూ ఉంటాడు. తన మొహం కడుక్కునే బాధ తప్పిందని ఆ మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో!

జమ్మలమడుగులో బస్టాపుకు పైకప్పు లేదు. రోడ్డు మధ్య డివైడరులో అడ్డసరానికి మాత్రం బ్రహ్మాండమైన నీడవల ఉంది. ప్రయాణికులు తెలివిగా పోయి ఆ వల కింద పొదల మధ్య కూర్చుంటున్నారు. దానివల్ల బస్సులు ఆగకుండా పోతున్నాయి. డ్రైవర్లది తప్పు కాదు. పొదలను ఎక్కించుకోమని ఏ డిపో మేనేజరూ వాళ్లకు చెప్పలేదు.

పులివెందులలో ఒక ప్రైవేటు బడి యాజమాన్యం ఇంకా ముందుకు పోయింది. వల కొనే ఖర్చు లేకుండా, ఎత్తుగా ఉన్న పిల్లలను పొదకు పడమటి పక్కన వరసగా నిలబెట్టి సాయంత్రపు ఎండ తగలకుండా చూస్తోంది. హోంవర్కు చెయ్యనివాళ్లను నిలబెడతారనుకునేరు! బాగా చదివేవాళ్లకే ఆ గౌరవం. పొట్టిపిల్లల తల్లిదండ్రులు మా బిడ్డలకు అన్యాయం జరుగుతోందని ప్రిన్సిపాలు మీదికి గొడవకు పోయారట.

ఇవన్నీ పైపై ముచ్చట్లు. పథకం అసలు మహిమ చూడాలంటే కొండాపురం దగ్గరి పునరావాస కాలనీకి పోవాలి.

రిజర్వాయరు నిండినప్పుడు మునిగిపోయిన ఒక ఊరిని తెచ్చి అక్కడ పెట్టారు. గుట్టను చదును చేసి, సున్నంతో గళ్లు గీసి, గడికొక ఇల్లు కట్టారు. వీధులు దారం పట్టి లాగినట్టు ఉంటాయి. అడ్డం రావడానికి చెట్టన్నది ఒక్కటి లేదు కాబట్టి ఎండ ఏ ఇంటికీ ఎక్కువ కాకుండా, ఏ ఇంటికీ తక్కువ కాకుండా పడుతుంది. సమానత్వం అని పుస్తకాల్లో చదవడమే గాని, కళ్లతో చూసింది నేను అక్కడే!

మా మేనత్త నరసమ్మ ఆ కాలనీలోనే ఉంటుంది. మునిగిన ఊళ్లో ఆమెకు బావి పక్కన చింతచెట్ల కింద పెరడు ఉండేది. బట్టలుతికే బండ దగ్గర, సబ్బునీళ్లు పారే చోట, అడ్డసరం తనంత తానే గుబురుగా పెరిగేది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ కొలవలేదు, పక్కన నిలబడి ఎవరూ ఫోటో దిగలేదు. చిన్నప్పుడు నాకు దగ్గు వస్తే అత్త ఆ ఆకు కషాయం కాచి, ముక్కు మూసి గొంతులో పోసేది. ప్రభుత్వ ప్రమేయం లేకుండా దగ్గు తగ్గించుకున్న ఊరు మునగక ఏమవుతుంది చెప్పండి?

కాలనీకి వచ్చాక కొళాయి తిప్పితే గాలి వచ్చేది. నీళ్లకు రోడ్డవతల పొలాలవాళ్ల బోరు దగ్గరికి పోవాలి. వాళ్లకు మనసైతే నీళ్లు, లేకపోతే తిట్లు. బిందె చంకన పెట్టుకుని ఎండలో గుట్ట ఎక్కీ దిగీ మా అత్త నడుము వంగిపోయింది. ఇప్పుడు ఆమె నిలబడితే కింద పడిపోయిన సూదిని వెతుకుతున్నట్టు ఉంటుంది. నీళ్లివ్వండని కాలనీవాళ్లు తిరగని ఆఫీసు లేదు. పోయిన ప్రతిచోటా వాళ్లను కూర్చోబెట్టి, మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపించారు. ఇంతకంటే ఏం చెయ్యగలరు?

అలాంటి కాలనీకి నీడతోట పథకం వచ్చింది. ఇంటి ముందు గుంత తీశారు. ఎర్రమట్టి తెచ్చి పోశారు. నాలుగు గుంజలు పాతి పచ్చటి వల కట్టారు. వాటన్నిటి తర్వాత, నిండా నీళ్లతో, అడుగున కారుకుంటూ, మీద ‘మొక్కలకు మాత్రమే’ అని పెయింటుతో రాసుకుని, ట్యాంకరు వచ్చింది! మనుషులు అడిగినప్పుడు గుట్ట ఎక్కలేనన్న ట్యాంకరు, అడ్డసరం అడగకముందే ఎక్కింది.

నాటడానికి ముందు శిక్షణ అన్నారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. షామియానా కింద కీర్తన అనే ఉద్యాన అధికారి మైకు పట్టుకుంది. పులివెందుల పక్క తొండూరు పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరింది. కానీ మైకు పట్టుకుంటే తొండూరు ఎక్కడుందో తనకే తెలియనట్టు రేడియో తెలుగు మాట్లాడుతుంది.

“మొక్కను ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట నాటేటప్పుడు వేళ్లను పట్టుకున్న తల్లిమట్టి చెదరకూడదు. నడి ఎండాకాలంలో కదిలించకూడదు. పోయేచోట ముందుగానే నీళ్లు, నీడ ఏర్పాటు చేయాలి. ఆ తర్వాతే మొక్కను తేవాలి. కొత్త నేలకు అలవాటు పడేవరకు కంటికి రెప్పలా చూసుకోవాలి. లేకపోతే తట్టుకోలేక చనిపోతుంది.”

ఎంత సున్నితమైన హృదయం! ఎంత శాస్త్రీయమైన ఆలోచన! నేను చప్పట్లు కొట్టబోతుంటే మా అత్త లేచింది.

“మమ్మల్ని ఈడికి తెచ్చేటప్పుడు నువ్వు యాడుంటివి తల్లీ?” అంది.

నా తల కొట్టేసినట్టయింది. అధికారిని అడగాల్సిన ప్రశ్నేనా అది? పాపం కీర్తన బెదిరిపోయి, “అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నానండీ,” అంది. నిజమే కదా. అందరూ కాలేజీలో ఉన్నప్పుడే ఊళ్లు మునుగుతాయి. అయినా మనుషులకు తల్లిమట్టి ఏమిటి? కాళ్లకంటిన మట్టిని శుభ్రంగా కడుక్కునే వచ్చారు. కడుక్కోవడానికి అప్పుడు నీళ్లుండేవి.

మొక్కలు నాటారు. ట్యాంకరు తోలే పని కాలనీవాడే అయిన ఖలందరుకు ఇచ్చారు. కువైట్‌లో శానాకాలం ఇదే పని చేసి వచ్చాడు. మొక్కకు నీళ్లు పొయ్యడంలో అంత నిష్ఠగలవాడిని నేను చూడలేదు. కాకపోతే అతనికొక జబ్బు ఉంది. మొక్క పక్కన బిందె కనబడితే చాలు, చేతిలోని పైపు జారుతుంది. జారి బిందెలో పడుతుంది. బిందె నిండిందాకా అతనికి మళ్లీ పట్టు దొరకదు.

“ఏం చేద్దును సార్, చెయ్యి వణుకుతాంది,” అన్నాడు నాతో. “కువైట్‌లో ఖర్జూరం చెట్టుకు పైపుండె, మాకు కూలరుండె. ఈడ చెట్టుకు ట్యాంకరుండాది, మాకు నా చెయ్యి వణుకుండాది.”

ఆ వణుకు పుణ్యమా అని కాలనీలో చాలా ఏళ్ల తర్వాత ఆడవాళ్లు గుట్ట దిగడం మానేశారు. మా అత్త మధ్యాహ్నం పూట తన మంచాన్ని అడ్డసరం వల కిందికి జరుపుకుని పడుకోవడం మొదలుపెట్టింది. కాలనీ మొత్తానికి నీడ అక్కడే ఉంది మరి. క్రమశిక్షణ గలవాడిని కాబట్టి నేను ఊరుకోలేకపోయాను.

“అత్తా, అది మొక్క నీడ. నువ్వు వాడుకోకూడదు,” అన్నాను.

“నేనేమన్నా దాని ఆకులు పెరుకుతాండానా ఎడ్వినూ? పక్కన పండుకుంటి, అంతే గదా. దానికి లేని నొప్పి నీకేంది?” అని అటు తిరిగి పడుకుంది.

ఇలా అందరూ సుఖంగా ఉండగా ఒకరోజు కీర్తన ఒక కొలకర్ర తెచ్చింది. దానిమీద నిండు మనిషి భుజాల ఎత్తున ఎర్రగీత ఉంది. మొక్కలన్నీ ఆ గీతను తాకితే నిలదొక్కుకున్నట్టు లెక్క. ఆ రోజుతో వలలూ ట్యాంకరూ ఎత్తి వేముల దగ్గర ఇంకో కాలనీకి తీసుకుపోతారు. ఒక్క మొక్క గీతకు కింద ఉన్నా ట్యాంకరు కదలదు. మొక్కలు చచ్చిపోతే మాత్రం పథకం విఫలమైనట్టు. అప్పుడు కూడా తీసుకుపోతారు.

చూశారా ఈ నిబంధనలోని తత్వం! చావకూడదు, ఎదగకూడదు. మధ్యలో వేలాడుతూ ఉంటే ప్రభుత్వం చల్లగా చూస్తుంది. దీన్నే పట్నాల్లో మధ్యతరగతి జీవితం అంటారు. కాలనీవాళ్లకు అంత అదృష్టం తొలిసారి పట్టింది.

ఖలందరు ఇంటింటికీ పోయి, “అక్కా, అడ్డసరం గీత తగిలిందా, మనం మళ్లా బోరు కాడికే,” అని చెప్పి వచ్చాడు.

ముందు మేకలను తోలారు. మేకలు అడ్డసరం వాసన చూసి తుమ్మాయి. తుమ్మి, వల అంచులు కొరకడం మొదలుపెట్టాయి. వాటిని తరిమేసి కత్తిపీటలు తెచ్చారు. కొలతకు వస్తారని తెలిసిన రోజున ఇంటింటా చిగుళ్లు తెగేవి. కీర్తన వచ్చి కర్ర పెట్టేది. మొక్క మోకాలి దగ్గరే ఉండేది. “ఎందుకో పెరగడం లేదు,” అని ఆ పిల్ల దిగులుగా రాసుకుని పోయేది. దిగులుపడిన ఆఫీసరు ఎంత అందంగా ఉంటారో, ఆమె వెనక బిందెలు పట్టుకుని నిలబడిన ఆడవాళ్లను అడగండి!

అంతా బాగుంది. కానీ మా సీమ సేద్యగాళ్లకు ఒక పాడు అలవాటు ఉంది. పచ్చికొమ్మను పారెయ్యలేరు. పొలం పోయింది, ఎద్దులు పోయాయి, ఊరే పోయింది, ఆ చెయ్యి బుద్ధి మాత్రం పోలేదు. తెంచిన కొమ్మను చేతిలో పట్టుకుని అటు చూస్తారు, ఇటు చూస్తారు, తడి కనబడినచోట గుచ్చుతారు. ప్రాణం ఉన్నదాన్ని చెత్తలో వేస్తే పాపమట! పోనీ, గుచ్చినవాళ్లు కొంచెం ఆలోచించారా? లేదు. నీళ్ల కోసం ముందు వాకిట్లో తలలు నరికినవాళ్లే, ఆ తలలను తీసుకుపోయి వెనక వాకిట్లో బతికించారు!

ఇళ్ల వెనక స్నానాల గదికీ ప్రహరీకీ మధ్య సన్నటి సందు ఉంది. అంట్లు తోమిన నీళ్లూ స్నానం నీళ్లూ అక్కడికే పోతాయి. గోడల మధ్య ఎండ పడదు. అంటే ఏమిటి? నీడా తేమా ఉన్న తోట! పెద్దాఫీసరు పుస్తకంలో చదివిన తోట, ఒక్క పైసా పథకం సొమ్ము లేకుండా, మురికినీళ్ల సందులో తయారైపోయింది. అడ్డసరం అక్కడ ఎవరికీ చెప్పకుండా ప్రహరీ దాటి పెరిగింది. తెల్లటి పూలు పూసింది. తేనెటీగలు వచ్చాయి. ఇంటి వెనక చూసే అలవాటు ప్రభుత్వానికి లేదు కాబట్టి ఎవరికీ భయం లేకపోయింది.

రెండో ఎండాకాలం మంచి మంటమీద ఉండగా, మొక్కలు ఎందుకు పెరగడం లేదో తేల్చడానికి పెద్దాఫీసరే స్వయంగా జీపులో వచ్చాడు. వచ్చాడు, వలల కింద మోకాలెత్తు మొక్కలను చూశాడు, పెదవి విరిచాడు, కొబ్బరినీళ్లు తాగాడు. ఒకటి తాగి ఊరుకున్నా బాగుండేది. కాలనీవాళ్లు మర్యాదకు రెండోది కొట్టిచ్చారు. కాసేపటికి ఆయనకు ఒంటికి వచ్చింది. దగ్గర్లో ఉన్నది మా అత్త ఇల్లు. వెనక్కి పోయాడు.

వెనక నుంచి కేక వినబడింది. పామేమోనని అందరం పరుగెత్తాం. ఆయన అడ్డసరం అడవిలో నిలబడి ఉన్నాడు. కళ్లలో నీళ్లు.

“ఇదే నేను కలగన్న తోట!” అన్నాడు.

తర్వాత ప్రతి ఇంటి వెనక్కీ పోయారు. ప్రతి సందులోనూ గీత దాటిన అడ్డసరమే. ముందున్నవి పొట్టి రకమని, వాటిని లెక్కలోంచి తీసేసి వెనకవాటినే రాసుకోమని ఆయన కీర్తనకు చెప్పాడు. ఆ పిల్ల కర్ర పెట్టి కొలుస్తూ, ఫోనులోని యాప్‌లో ఒక్కొక్కటే ఎక్కించింది. అన్నీ గీత తాకాయి. పెద్దాఫీసరు కాలనీవాళ్లందరినీ పిలిచి, చేతులు జోడించి, “మీరు సాధించారు! మీ మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఇక వీటికి మా అవసరం లేదు. రేపటి నుంచి ట్యాంకరు వేములకు పోతుంది,” అన్నాడు.

ఆయన చప్పట్ల కోసం ఆగాడు. ఎవరూ కొట్టలేదు. ఖలందరు పోయి ట్యాంకరు మెట్టుమీద కూర్చుని చేతులు చూసుకున్నాడు. అవి నిజంగానే వణుకుతున్నాయి. పసిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి అప్పుడే బోరు ఉన్న దిక్కుకు చూడటం మొదలుపెట్టింది. నేను? నేను పథకాల పక్షపాతిని. కానీ ఆ నిమిషంలో నాకు ఎవరినైనా కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తెలియక కళ్లద్దాలు తుడుచుకున్నాను.

మా అత్త మంచం మీది నుంచి లేచింది. చెయ్యి గుంజకు ఆనించి, మెల్లగా నడిచి, సందులోకి పోయి అడ్డసరాల పక్కన నిలబడింది. ఏమిటోనని అందరం వెనకే పోయాం.

“అన్నీ కొలిచినారా అప్పా?” అంది.

“అన్నీ కొలిచామమ్మా,” అన్నాడు పెద్దాఫీసరు.

“యాడ? నన్ను కొలవల్యా. నన్ను గూడా పెరికి తెచ్చి ఈడ నాటినారు గదా. నేనూ ఇంటెనకుండేదాన్నే. మీ గీత నాకు తగులుతాదేమో చూడండి. తగల్లేదంటే నేనింగా నిలదొక్కుకోలేదని. నాకింగా నీళ్లు పొయ్యాల.”

పెద్దాఫీసరు పగలబడి నవ్వాడు. “పెద్దమ్మ బలే హుషారు! కొలవండి, కొలవండి, సరదా తీరుద్దాం,” అన్నాడు. ఇంతలో ఫోను మోగితే మాట్లాడుకుంటూ జీపు దగ్గరికి పోయాడు.

కీర్తన కర్ర తెచ్చి మా అత్త పక్కన నిలబెట్టింది. వంగిన నడుముతో మా అత్త గీతకు కిందే ఉంది. కానీ ఆ రోజు పెద్దాఫీసరు వస్తాడని నున్నగా దువ్వి కొప్పు పెట్టుకుంది. ఆ కొప్పు కొస సరిగ్గా ఎర్రగీతకు తగులుతోంది.

కీర్తన కొప్పు వైపు చూసింది. జీపు వైపు చూసింది. తర్వాత, ఉద్యోగంలో చేరాక మొదటిసారి కాబోలు, తన తొండూరు నోటితో, చిన్నగా అంది.

“అవ్వా, తలకాయ ఇంగ రోంత వంచు.”

మా అత్త వంచింది. కీర్తన పక్కనున్న అడ్డసరం కొమ్మ ఒకటి లాగి ఆమె భుజం మీద వేసి, ఫోటో తీసి, యాప్‌లో ఎక్కించింది. మా అత్త కట్టుకున్నది ఆకుపచ్చ చీర. యాప్‌కు కావాల్సింది పచ్చదనమే గాని, దాని లోపల ఎవరున్నారో దానికెందుకు? జీపు దగ్గర పెద్దాఫీసరు ఫోను టింగుమంది. ‘ఒక మొక్క నిలదొక్కుకోలేదు. నీరు, నీడ కొనసాగించాలి.’ ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. కీర్తనను చూశాడు, కీర్తన నేలను చూసింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని జీపెక్కాడు. మనిషి చెబితే కాదనే ఆఫీసర్లు వందలమంది ఉన్నారు. యాప్ చెబితే కాదనేవాడు ఇంకా పుట్టలేదు.

మర్నాడు ట్యాంకరు కాలనీకే వచ్చింది. ఖలందరు చెయ్యి మళ్లీ జారింది.

కాబట్టి పాఠకులారా, ఈ పథకాన్ని ఎగతాళి చేసేవారిని నేను సూటిగా అడుగుతున్నాను. మనిషిగా ఉన్నంతకాలం మా అత్తకు దక్కని నీళ్లు, అడ్డసరం అయ్యాక దక్కాయా లేదా? అర్జీలు పెట్టి అరిగిపోయిన కాళ్లకు దొరకని నీడ, నాలుగు ఆకులు భుజాన వేసుకుంటే దొరికిందా లేదా? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రజలకు నా విన్నపం ఒక్కటే. పౌరులుగా మనం ప్రయత్నించింది చాలు. పొదలుగా నమోదు చేయించుకుందాం! మనం ఈ నేల మొక్కలమే. ఎంత ఎండినా పచ్చగానే ఉన్నట్టు ఫోటోల్లో కనబడతాం. మనల్ని మేకలు కూడా ముట్టవు. ఇంక ఏం అర్హత కావాలి?

ఇంతటితో ముగించేవాణ్ణే. కానీ మొన్న ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక అత్తను చూడటానికి పోయాను. ప్రొద్దుటూరులో నడుం నొప్పులకు పేరున్న వైద్యుడి దగ్గర తైలం తీసుకుపోయాను. ఒక నెల మర్దన చేస్తే వంగిన నడుము నిటారుగా నిలబడుతుందని ఆయన గట్టిగా చెప్పాడు. సంచిలోంచి సీసా తీశానో లేదో, నీళ్లు పోస్తున్న ఖలందరు పైపు వదిలేసి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

“సార్, మీకు దండం పెడతా, అది వాపసు తీసకపోండి. అక్క నడుం లేసిందంటే కాలనీ పండుకుంటాది.”

నాకు ఒళ్లు మండింది. అతనిమీద కాదు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు నా చేతిలోని సీసాను భయంగా చూస్తున్నారు, నేను విషం తెచ్చినట్టు. నేను అత్త వైపు చూశాను. ఆమె వల కింద మంచం మీద కూర్చుని సీసాను కాసేపు చూసింది. చెయ్యి చాపబోయింది. మళ్లీ ఆ చేతినే మోకాలి మీద పెట్టుకుంది.

“ఎత్తిపెట్టుకోలే ఎడ్వినూ,” అంది. “కొళాయిలో నీళ్లొచ్చిన పొద్దు తెచ్చియ్యి. అప్పుడు నిలబడతా.”

ఆ సీసా ఇప్పుడు నా బల్లమీద ఉంది. మూత ఇంకా తియ్యలేదు.